శ్రీహరికోటలో ఒక శుక్రవారం

హిజ్రీ 1444 జుల్‌హిజ్జా 25వ తేదీ, శుక్రవారం. తెల్లవారుజామున గూడూరు జంక్షన్‌లో రైలు దిగేసరికి తూర్పు దిక్కున సన్నని చంద్రవంక ఉన్నది. అది నెలాఖరు చంద్రుడు. సూర్యోదయానికి ముందు కొద్దిసేపు మాత్రమే కనిపించి వెలుగులో కలిసిపోతాడు. యాసీన్ సూరాలో చంద్రుని దశలను ఎండి వంగిన ఖర్జూరపు గెల కాడతో పోల్చిన చోటును ముప్పై ఏళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నాము. కాని ఆ కాడను ఆకాశంలో చూపించడానికి ఏ విద్యార్థినీ ఆ వేళకు ఆరుబయటికి తీసుకువెళ్ళిన గుర్తు లేదు. నెల మొదటి రోజున పడమర వైపు వెదకడమే మాకు అలవాటు. నెల చివర తూర్పు వైపు చూసేవారెవరు?

ప్లాట్‌ఫారం చివర ఉన్న కుళాయి వద్ద వుజూ చేసుకొని, దుప్పటి పరచి ఫజర్ నమాజు చేశాము. మాతో వచ్చినవారు ఇద్దరు. ఒకరు లక్డారంలో టిప్పర్ నడుపుతూ జీవించే మా పాత శిష్యుడు. రెండవవాడు అతని కుమారుడు. వాడికి పదమూడేళ్ళు, ఎనిమిదవ తరగతి. పగలు ప్రభుత్వ పాఠశాలకు, అసర్ తర్వాత మా మద్రసాకు వస్తాడు. ఇంగ్లీషు తేదీ 2023 జులై 14. ఆ మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోట నుండి చంద్రయాన్-3 బయలుదేరవలసి ఉన్నది. దానిని కళ్ళారా చూడడానికే మేము ముగ్గురం రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాము.

పాఠకులలో చాలామంది లక్డారం పేరు విని ఉండరు. అది సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలో, ముంబయి జాతీయ రహదారికి పక్కగా ఉన్న గ్రామం. ఆ పరిసరాలన్నీ కర్మాగారాలు. మా ఊరి ప్రత్యేకత మాత్రం రాయి. గుట్టలను తొలిచే క్వారీలు, రాళ్ళను కంకరగా నలిపే క్రషర్లు, ఆ కంకరను నగరానికి మోసే టిప్పర్లు. హైదరాబాదులో లేచే మేడలలో మా ఊరి గుట్టల ముక్కలు ఎన్ని ఉన్నాయో అల్లాహ్‌కే తెలుసు. వేసవిలో మా మద్రసా అరుగు మీద వేలితో రాస్తే అక్షరం నిలిచేంత దుమ్ము పడుతుంది. చిన్న పిల్లలకు అలిఫ్, బే నేర్పడానికి పలక అవసరం లేదని మేమే ఒకసారి హాస్యమాడాము. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకుపోయి దగ్గే పెద్దలు వరుసలో నిలబడినప్పుడు ఆ హాస్యం మాకే రుచించలేదు.

ఈ ప్రయాణం ఆలోచన ఆ అబ్బాయిదే. శ్రీహరికోటలో ప్రయోగాలను సామాన్య ప్రజలు చూడడానికి 2019లో ఒక వీక్షణ గ్యాలరీ తెరిచారు. ఇస్రో వెబ్‌సైటులో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, రుసుము లేదు, ఆధార్ వంటి గుర్తింపు కార్డు ఉండాలి. నమోదు మొదలైన కాసేపటికే స్థలాలు నిండిపోతాయట. వాడు తండ్రి ఫోను పట్టుకొని క్వారీ గట్టు మీద, సిగ్నల్ దొరికే చోట కాచుకొని కూర్చొని, మూడు పేర్లు రాయించాడు. మూడవ పేరు మాది. అడగకుండానే రాశాడు.

"హజ్రత్, మీరు కూడ రావాలె. మీరు రాకుంటే అబ్బా తోల్కపోనన్నడు" అన్నాడు.

తండ్రి పెట్టిన షరతు అది ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. ఈ తమాషా చూపించాక చదువు మాట ఎత్తగూడదు, ముహర్రం నుండి బండి మీద క్లీనర్‌గా రావాలి. ఇంట్లో ఒప్పందం అలా కుదిరింది. ఆ సంగతి వాడు మాకు చెప్పలేదు. వాడి తల్లి మా ఇంటి వారితో చెప్పింది. పదమూడేళ్ళవాడు రాకెట్టు కోసం తన బడిని తాకట్టు పెట్టాడన్నమాట.

మసీదు కమిటీ పెద్ద ఒకరు మా ప్రయాణాన్ని ఇష్టపడలేదు. "జుమా రోజున, జుమా వదులుకొని పటాకులు చూడడానికి మౌల్వీ సాబ్ వెళ్ళడమా?" అన్నారు. షరీఅత్ దృష్టిలో ముసాఫిర్‌కు జుమా విధి కాదు, అతడు జుహర్ ఖస్ర్ చేస్తే చాలును. ఆరువందల కిలోమీటర్లకు పైగా వెళ్ళేవాడు ముసాఫిర్ కాడని ఎవరూ అనలేరు. ఆ జవాబే ఇచ్చాము. అయితే ఫత్వా వేరు, మనసు వేరు. ఇన్నేళ్ళలో అనారోగ్యం తప్ప మరే కారణంతోనూ మేము జుమా వదలలేదు. రైలు ఎక్కే వరకు ఆ పెద్దాయన మాట మమ్మల్ని గుచ్చుతూనే ఉన్నది.

గూడూరు నుండి నాయుడుపేట మీదుగా సూళ్ళూరుపేటకు బస్సులో వచ్చి, అక్కడ ఇడ్లీ తిని, మరో రెండు కుటుంబాలతో కలిసి జీపు మాట్లాడుకున్నాము. సూళ్ళూరుపేట దాటగానే పులికాట్ సరస్సు. ఒరిస్సాలోని చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. రోడ్డు దాని మధ్య నుండి తిన్నగా గీత గీసినట్టు పోతుంది. శీతాకాలంలో ఇక్కడికి వేలాదిగా ఫ్లెమింగోలు వస్తాయి, వాటి పేరిట సూళ్ళూరుపేటలో పండుగ కూడా జరుపుతారు. మేము వెళ్ళినది జులై కనుక పక్షులు పలుచగా ఉన్నాయి. కొంత మేర నీరు ఆరిపోయి బురద పగుళ్ళు తేలింది. అబ్బాయి కిటికీ నుండి కళ్ళు తిప్పలేదు. వాడు సముద్రం సంగతి అటుంచి, ఇంత నీటిని చూడడం కూడా అదే మొదలు.

సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022లో జిల్లాలు విడిపోయాక తిరుపతి జిల్లాలో చేరింది. రాకెట్ కేంద్రం కోసం ఈ దీవిని 1969లో ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో ఇక్కడి ప్రయోగాలు మొదలైనాయి. అంతకుముందు ఈ అడవిలో యానాదులు ఉండేవారు. కేంద్రం వచ్చినప్పుడు వారు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళవలసి వచ్చింది. ఘనకార్యాల చరిత్రలో ఇటువంటి వాక్యం సాధారణంగా ఒక్కటే ఉంటుంది, మేము కూడా ఒక్కటే రాస్తున్నాము. కాని గుట్టలు పోయిన ఊరి నుండి వచ్చినవారికి ఆ ఒక్క వాక్యం బరువు తెలుస్తుంది.

ఇక్కడే ఎందుకు అన్న ప్రశ్నకు జీపులో మాతో వచ్చిన ఒక పాలిటెక్నిక్ అధ్యాపకుడు ఓపికగా జవాబు చెప్పారు. భూమి పడమర నుండి తూర్పుకు తిరుగుతున్నది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట ఆ వేగం అధికం. శ్రీహరికోట దాదాపు 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అక్కడ నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు కదులుతూ ఉంటుంది. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఆ వేగం ఉచితంగా లభించినట్టే. పైగా తూర్పున ఉన్నదంతా సముద్రం, ఖాళీ అయిన భాగాలు జనం మీద పడవు. మా శిష్యుడు శ్రద్ధగా విని, "అంటే నడిచే బండిల నుంచి ముందుకు దుంకినట్టు" అన్నాడు. అధ్యాపకుడు నవ్వి, సరిగ్గా అదే అన్నారు.

తనిఖీ వద్ద మేము కొంత బెరుకుతోనే ఉన్నాము. గడ్డం, టోపీ, పొడవాటి జుబ్బాతో మాలాంటివాడు రాకెట్ కేంద్రం గేటు వద్ద నిలబడితే తన్ను తానే ఒకసారి చూసుకుంటాడు. భద్రతా సిబ్బందిలోని యువకుడు కార్డు చూశాడు, పేరు చూశాడు, కాగితం మీద గీత పెట్టాడు. "పెద్దాయనా, ఎండ బాగా ఉంది, పిల్లవాడికి నీళ్ళు పట్టించండి" అన్నాడు. అంతే.

గ్యాలరీ ఒక క్రికెట్ మైదానపు మెట్లలా ఉంటుంది. ఎదుట పెద్ద తెరలు, ఆవల చెట్ల వరుస, ఆ పైన ఆకాశం. జనం వేలల్లో ఉన్నారు. కేరళ, తమిళనాడు, కర్ణాటక భాషలన్నీ వినిపించాయి. పిల్లల బుగ్గల మీద జెండా రంగులు, చేతుల్లో అట్టముక్కల రాకెట్లు. ఒక ముసలమ్మ తన మనవరాలితో, "చందమామకు మనం పంపే పళ్ళెంలో ఏముందే?" అని అడుగుతున్నది. ఆ పిల్ల నవ్వలేదు, ఒక్కొక్క పరికరం పేరూ చెప్పసాగింది. మేము కాసేపు ఆ పిల్లను చూస్తూ ఉండిపోయాము. దానికి కారణం మరికాస్త తర్వాత చెబుతాము.

తెర మీద రాకెట్ కొలతలు చూపించారు. ఎల్‌వీఎం-3 అని దాని పేరు. ఎత్తు 43.5 మీటర్లు, బరువు సుమారు 640 టన్నులు. పక్కన రెండు పెద్ద గొట్టాలు ఉంటాయి. ఒక్కొక్కదానిలో 200 టన్నులకు పైగా గట్టి ఇంధనం. అది కూడా ఈ దీవిలోనే పోత పోస్తారు. ఆ రెండూ రెండు నిమిషాలలో కాలిపోతాయి. మా శిష్యుడు వేళ్ళ మీద లెక్క వేశాడు.

"నా బండి ఇరవై టన్నులు మోస్తది హజ్రత్. అంటే ఇరవై బండ్ల సరుకు రెండు నిమిషాలల్ల బుగ్గి. అంత జేసి సందమామ దిక్కు పోయేదెంత?"

"3,900 కిలోలు" అన్నాడు కొడుకు. "గండ్ల కెల్లి కింద దిగి నడిచే బండి 26 కిలోలే అబ్బా."

"సిమెంటు బస్తల సగం!" అని అతడు తల పట్టుకున్నాడు. టిప్పర్ నడిపేవాడికి అంతకన్న నష్టమైన రవాణా మరొకటి ఉండదు.

జుహర్ వేళ అయింది. మెట్ల వెనుక చెట్ల నీడలో చోటు చూసుకున్నాము. ఇక్కడ ఒక చిన్న మస్అలా ఎదురైంది. జుమా జరిగే పట్టణంలో ముసాఫిర్లు జుహర్‌ను జమాఅత్‌గా చేయడాన్ని హనఫీ ఫుఖహాలు మక్రూహ్ అన్నారు. ఈ దీవిని పట్టణం అనాలా, అడవి అనాలా? తర్కానికి అది సమయం కాదు. జాగ్రత్త వైపు మొగ్గి ఎవరికి వారుగా రెండేసి రకాతులు చేశాము. సలాం చెప్పి లేచేసరికి మా పక్కన మరో నలుగురు వేరువేరుగా నిలబడి ఉన్నారు. వారు కడప నుండి వచ్చినవారట. జుమా వదులుకున్న వెలితి ఆ క్షణాన కొంచెం తగ్గింది, పూర్తిగా పోయిందని మాత్రం అనలేము.

కొడుకు కడప పిల్లలతో మాట కలిపి ముందు వరుసకు వెళ్ళాడు. తండ్రీ మేమూ నీడలోనే కూర్చున్నాము. అప్పుడు ఆ మాట ఎత్తాము. ఎత్తాలని రైలులోనే అనుకున్నాము, ధైర్యం చాలలేదు.

అది 1996. మేము దారుల్‌ఉలూం నుండి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఈ శిష్యుడు అప్పుడు పన్నెండేళ్ళవాడు. ఒకరోజు పాఠం మధ్యలో లేచి, "హజ్రత్, చంద్రుని మీద మనిషి నడిచిండట, నిజమేనా?" అని అడిగాడు. ఆమ్‌స్ట్రాంగ్ చంద్రుని మీద కాలుపెట్టి అప్పటికి 27 ఏళ్ళు. మేము చదివిన ఖగోళం వేరు. దర్సె నిజామీలో ఆ విద్యను హైఅత్ అంటారు. మా కాలానికి అది దాదాపు మూలనపడింది. ఒక వృద్ధ ఉస్తాద్ మాత్రం కోరినవారికి అసర్ తర్వాత షరహ్ చగ్మీనీ చెప్పేవారు. సుద్దముక్కతో వలయం లోపల వలయం గీసి, నడుమ భూమిని కదలకుండా కూర్చోబెట్టేవారు. ఆ వలయాల అందం మాకు ఇప్పటికీ కళ్ళలో ఉన్నది. ఆ వలయాలలో మనిషి నడిచే చోటు ఎక్కడా లేదు.

కనుక ఆ ప్రశ్నకు జవాబు మా వద్ద లేదు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) ఎన్నో ప్రశ్నలకు నాకు తెలియదని జవాబిచ్చేవారని పిల్లలకు పాఠంగా చెప్పే మేమే, పనికిమాలిన ప్రశ్నలు వేయకని గద్దించి, ఆ పిల్లవాడిని గడప వద్ద చెవులు పట్టుకొని నిలబెట్టాము. మిగిలిన పిల్లలు నవ్వారు. తర్వాతి వారం నుండి వాడు రాలేదు. కొద్ది రోజులకు క్రషర్ వద్ద గంపలు మోస్తూ కనిపించాడు. మేము సలాం చెప్పాము, వాడూ చెప్పాడు.

ఇదంతా చెప్పి, "నీ చదువు మా వల్ల ఆగిపోయిందని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాము. క్షమించమని అడగడానికి నోరు రాలేదు" అన్నాము.

అతడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను మానింది దానికి గాదు హజ్రత్" అన్నాడు. "మా అబ్బాకు క్వారీల కాలిరిగింది. ఇంట్ల తిండికి లేదు. మీరు నిలవెట్టిన సంగతి నాకు యాదుంది గని, అది గాదు." కొంచెం ఆగి, గడ్డిపరక తెంపుతూ, "గని మానేటోనికి అడ్డం వచ్చి ఒక్కలన్న నిలవడాలె గద. మీరొస్తరని రెండు మూడు దినాలు సూసిన" అన్నాడు.

ఇరవై ఏడేళ్ళు మేము మోసిన పశ్చాత్తాపం తప్పు చిరునామాకు వెళ్ళింది. మేము చేసిన దాని కోసం బాధపడుతూ వచ్చాము, అతడు మేము చేయనిదాని కోసం ఎదురుచూశాడు. వారి ఇల్లు మద్రసాకు రెండు వీధుల దూరం.

జవాబుగా ఏమి చెప్పాలో తోచక, ఆ దీవి మీదే జరిగిన ఒక సంగతి చెప్పాము. దానిని మేము చాలా సభల్లో చెప్పాము, కాని అర్థం అప్పుడే తెలిసినట్టయింది. రామేశ్వరం మసీదులో నమాజులకు ముందు నిలిచిన జైనులాబ్దీన్ గారి కుమారుడు అబ్దుల్ కలాం నేతృత్వంలో ఇక్కడ ఎస్ఎల్‌వీ-3 అనే రాకెట్ తయారైంది. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు, నేటి రాకెట్ ముందు పసిపిల్ల. 1979 ఆగస్టు 10న దానిని ఎగురవేశారు. 317 సెకన్ల తర్వాత అది సముద్రంలో పడిపోయింది. పత్రికల వారి ముందుకు కలాం వెళ్ళలేదు, ఇస్రో అధిపతి సతీశ్ ధవన్ వెళ్ళి బాధ్యత తనదిగా స్వీకరించారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినప్పుడు మాత్రం, విలేఖరులతో నీవే మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. ధవన్ 2002లో మరణించాక ఈ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. పంచాంగం తిరగేస్తే మరొక సంగతి తెలుస్తుంది. ఆ ఓటమి రోజు, ఆ గెలుపు రోజు, రెండూ రమజాను శుక్రవారాలే. దీనిలో రహస్యమేదీ వెదకనక్కరలేదు, ఏడు రోజులకు ఒక శుక్రవారం వస్తుంది. అయినా ఓడిన ఆ శుక్రవారం సాయంత్రం కలాం గారి మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించకుండా ఉండలేకపోయాము.

"పెద్దాయన అడ్డం నిలవడ్డడన్నమాట" అన్నాడు మా శిష్యుడు.

అవునన్నాము. "నీ కొడుకును ముహర్రం నుండి బండి మీదికి తీసుకుపోతున్నావట. ఈసారి మేము అడ్డం వస్తున్నాము."

అతడు మా ముఖం వైపు చూడలేదు. "డీజిల్ ధర మీకు ఎరుకనే" అన్నాడు. అంతలో మైకులో ప్రకటన వినబడి అందరూ లేచారు.

కొడుకు పరుగున వచ్చి మమ్మల్ని మెట్ల మీదికి లాక్కుపోయాడు. ఇంకా కొన్ని నిమిషాలు ఉన్నాయి. వాడిని కుదురుగా నిలబెట్టడానికి, వాడి తండ్రికి నాడు ఇవ్వని జవాబులో కొంత భాగం వాడికి చెప్పాము. చంద్రుని మీద ఉన్న గుంటలకు పండితుల పేర్లు పెట్టారనీ, వాటిలో అల్‌బత్తానీ, ఇబ్ను హైసం, అల్‌బీరూనీ, నసీరుద్దీన్ తూసీ పేర్లు ఉన్నాయనీ చెప్పాము. సమర్ఖండ్‌లో వేధశాల కట్టించిన రాజు ఉలుగ్ బేగ్ పేరు కూడా ఉన్నది. మేము చదివిన షరహ్ చగ్మీనీని రాసిన ఖాజీజాదా రూమీ ఆ ఉలుగ్ బేగ్ కొలువులోని వాడే. అంటే మా ఉస్తాద్ సుద్దముక్కతో గీసిన వలయాలు ఆకాశాన్ని స్వయంగా చూసి కొలిచినవారి చేతుల నుండి వచ్చినవి. వారు కొలిచారు, మేము కంఠస్థం చేశాము. ఇన్నాళ్ళూ మా దృష్టికి రానిది ఆ తేడాయే.

వాడు అంతా విని, "మరి ఇండియా వాళ్ళ పేర్లు లేవా హజ్రత్?" అన్నాడు. ఆర్యభట్ట పేరుతో ఒకటి ఉన్నదని పక్కనున్న పాలిటెక్నిక్ అధ్యాపకుడు చెప్పారు. మేము, మాకు ఆ సంగతి తెలియదు అన్నాము. ఆ మాట అనడం అంత కష్టమేమీ కాలేదు.

లెక్క మొదలైంది. వేల గొంతులు కలిసి ఇంగ్లీషులో పది నుండి వెనక్కి లెక్కించాయి. సున్నా వద్ద తెర మీద నిప్పు కనిపించింది. మరుక్షణం చెట్ల మీదుగా ఒక వెలుగు లేచింది. దానిని వర్ణించే శక్తి మాకు లేదు. పట్టపగలు, నడినెత్తిన ఎండలో కూడా ఆ వెలుగును చూడడానికి కళ్ళు చికిలించవలసి వచ్చింది. దాని కింద తెల్లని పొగ స్తంభం. కాని శబ్దం లేదు. జనం కేకలు తప్ప రాకెట్ నుండి చిన్న చప్పుడు కూడా లేదు. అబ్బాయి మా చేయి పట్టుకొని గట్టిగా లెక్కపెడుతున్నాడు: ఒకటి, రెండు, మూడు...

ఇరవైకి చేరకముందే అది వచ్చింది. మొదట కాళ్ళ కింద మెట్టు అదిరింది, తర్వాత ఛాతీలో ఏదో కదిలింది, ఆ తర్వాతే చెవులకు తెలిసింది. పొడిపొడిగా, పటపటమని, ఆకాశాన్ని చింపుతున్నట్టు. మా నోటి నుండి తక్బీర్ వెలువడింది. పక్కనున్న ముసలమ్మ గోవిందా అన్నది. ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు.

"హజ్రత్, మన క్వారీల తూటా వేలినట్టే!" అని వాడు మా చెవిలో అరిచాడు. "గట్టు మీద కూసుంటే ముందుగాల దుమ్ము లేస్తది, ఎన్కాల సప్పుడొస్తది. నేను ఎప్పుడు లెక్కపెడ్త. మూడు లెక్కవెడితె ఒక కిలోమీటరు!"

ఆ లెక్క సరైనదే. ధ్వనికి కిలోమీటరు నడవడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ముప్పై ఏళ్ళుగా మేము లక్డారంలో తూటాల చప్పుడు వింటున్నాము. పాఠానికి అడ్డు వస్తున్నదని విసుక్కున్నాము తప్ప, ముందు దుమ్ము, వెనుక చప్పుడు ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. క్వారీ గట్టు మీద కూర్చున్న పిల్లవాడు దానితో దూరాలు కొలుస్తున్నాడు.

రాకెట్ తూర్పుకు వంగి మబ్బుల్లో దూరింది, మళ్ళీ ఆవల కనిపించింది, చుక్క అయింది. రెండు నిమిషాలు దాటాక పక్క గొట్టాలు విడిపోయాయని ప్రకటించారు. "ఇరవై బండ్లు ఖాళీ" అన్నాడు మా శిష్యుడు, ఆకాశం వైపే చూస్తూ. పదహారు నిమిషాల తర్వాత నౌక రాకెట్ నుండి విడిపోయి కక్ష్యలో పడిందన్నారు. శాస్త్రవేత్తలు ఒకరినొకరు కౌగిలించుకోవడం తెర మీద కనిపించింది. వారిలో కొందరు 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ చివరి నిమిషాలలో చేజారినప్పుడు కూడా అదే గదిలాంటి గదిలో తలలు వంచుకొని కూర్చున్నవారే అయి ఉంటారు. జనం వెళ్ళిపోసాగారు. పొగ స్తంభం గాలికి వంకర తిరిగి చాలాసేపు నిలిచి ఉన్నది.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగినది లేదు. రైలులో చోటు దొరకక సగం రాత్రి తలుపు వద్ద కూర్చున్నాము. అబ్బాయి తండ్రి ఒడిలో తల పెట్టి నిద్రపోయాడు. తండ్రి కాలు తిమ్మిరెక్కినా కదపలేదు.

శనివారం ఇంటికి చేరాము. ఆదివారం మగ్రిబ్ తర్వాత, ఇరవై ఏడేళ్ళు ఆలస్యంగా, ఆ రెండు వీధులూ దాటి వారి ఇంటికి వెళ్ళాము. టీ ఇచ్చారు. మేము పెద్ద మాటలేవీ చెప్పలేదు. మన నగరంలోనే కంచన్‌బాగ్‌లోని మిధానిలో రాకెట్లకు కావలసిన ప్రత్యేక ఉక్కు తయారవుతుందనీ, అక్కడ పని చేసేవారు కూడా కార్మికుల పిల్లలేననీ చెప్పాము. బడి పుస్తకాల ఖర్చు మద్రసా చూసుకుంటుందన్నాము. మద్రసా అంటే ఈ విషయంలో మా జేబే. రోజూ ఇషా తర్వాత వాడికి ఒక గంట లెక్కలు చెప్పడానికి, ఊళ్ళోని ఇంజనీరింగు విద్యార్థి ఒకరిని ఒప్పించామన్నాము. తల్లి తలుపు వెనుక నిలబడి వింటున్నది. తండ్రి గ్లాసు కింద పెట్టి, "పదో తరగతి దాంక సూద్దాం హజ్రత్. ఆ తర్వాత సంగతి ఇప్పుడు అడగకున్రి" అన్నాడు. అడగలేదు.

మంగళవారం జుల్‌హిజ్జా 29. కొత్త సంవత్సరపు నెలవంక కోసం మగ్రిబ్ వేళ పిల్లలందరితో మద్రసా కప్పు మీదికి ఎక్కాము. ముహర్రం హిలాల్ కోసం సాధారణంగా అంత సందడి ఉండదు, రమజానుకు, పండుగకు తప్ప. ఈసారి ఆ అబ్బాయి అందరినీ పోగుచేశాడు. చంద్రయాన్ ఇప్పుడెక్కడ ఉన్నదని చిన్న పిల్లలు అడిగితే, ఇంకా భూమి చుట్టూనే తిరుగుతున్నదనీ, ఒక్కో చుట్టుకూ దూరం పెంచుకుంటూ పోతుందనీ, ఆగస్టు 23న దిగాలని చూస్తున్నారనీ వివరించాడు. దిగుతుందా అని ఒకడు అడిగాడు. వాడు మా వైపు చూశాడు.

"మాకు తెలియదు నాయనా" అన్నాము. "దుఆ చేద్దాం."

అల్ బఖర సూరాలో నెలవంకల గురించి ప్రజలు ప్రవక్త (స) గారిని అడిగిన సంగతి ఉన్నది కదా, వారు అడిగారు గనుకనే కదా జవాబు అవతరించింది అని చెప్పబోయాము. అంతలో క్వారీ వైపు నుండి దుమ్ము లేచింది. పిల్లలు నలుగురైదుగురు ఒక్కసారిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నాలుగు అనేలోపు చప్పుడు వచ్చింది. పడమట మబ్బులు దట్టంగా ఉన్నాయి. చీకటి పడేవరకు చూశాము, నెలవంక కనబడలేదు. ముప్పై రోజులు పూర్తి చేసుకోవాలని చెప్పి, అందరం కిందికి దిగి నమాజుకు నిలబడ్డాము.